పెంచల్ ప్రేమలో పడాలంటే: ఆటిజం ఉన్న హీరోతో నవల రాసేవాళ్లకి

ఆటిజం ఉన్న అబ్బాయిని హీరోగా పెట్టి ప్రేమ నవల రాయాలనుకునేవాళ్లు మొదటి పేజీకి ముందే ఒక సంగతి తేల్చుకోవాలి. చివరి అధ్యాయానికి అతని ఆటిజం తగ్గదు. హీరోయిన్ ప్రేమించినంత మాత్రాన అతను 'మామూలు మనిషి' అయిపోడు. మొదట్లో చప్పుళ్లు భరించలేనివాడు చివర్లో కూడా భరించలేడు. ఆ చప్పుళ్ల మధ్య ఎలా బతకాలో ఇద్దరికీ తెలిసొస్తుంది, మారేది అంతే. దీనికి మనసు ఒప్పకపోతే వేరే కథ రాసుకోవడం మేలు. ప్రేమ మందులా పనిచేసిన నవల చదివితే ఏ తల్లికైనా తన కొడుక్కి ఆ మందు ఎక్కడ దొరుకుతుందా అనిపిస్తుంది. పెళ్లి చేస్తే వాడే కుదురుకుంటాడులే అని, ఎదుటివాళ్లకి చెప్పకుండా సంబంధాలు చూసే ఇళ్లు నాకు తెలుసు. మన నవల వాళ్లకి ధైర్యం చెప్పేదిగా ఉండకూడదు.

నేను కావలిలో ఇంటి దగ్గరే జాకెట్లు, డ్రెస్సులు కుడతాను. రాత్రి మిషన్ మూసేశాక ఫోన్లో సీరియల్ నవలలు రాస్తాను. మా తమ్ముడికి ఆటిజం. వాడి చొక్కాలన్నీ నేనే కుడతాను. కాలర్ దగ్గర లేబుల్ ఉండదు, లోపలి కుట్లు ఒంటికి గుచ్చుకోకుండా మడిచి కుడతాను, పాలిస్టర్ కలిసిన బట్ట తీసుకోను. నోటితో తక్కువ మాట్లాడతాడు, వాట్సాప్‌లో మాత్రం నాకంటే బాగా రాస్తాడు. ఇప్పుడు నేను రాస్తున్న నవలలో హీరో పేరు పెంచల్, హీరోయిన్ కామాక్షి. చెప్పేది తేలిగ్గా అర్థం కావడానికి వాళ్లిద్దరినే ఉదాహరణగా తీసుకుంటాను.

ముందు పని, ఆ తర్వాతే ఆటిజం

కొత్తగా రాసేవాళ్లు లక్షణాల జాబితా ఒకటి ఎదురుగా పెట్టుకుని ఒక్కోదానికి ఒక్కో సీను రాస్తారు. కళ్లలోకి చూడడు, ఒక సీను. అన్న మాటే మళ్లీ అంటాడు, ఇంకో సీను. చేతులు ఆడిస్తాడు, మరో సీను. అన్నీ అయ్యాక చూస్తే మనిషి కనపడడు, ఆస్పత్రి చీటీ కనపడుతుంది. ఆ జాబితా పక్కన పెట్టి, పొద్దున లేచి అతను ఏ పనికి వెళ్తాడో, ఆ పని చేతులతో ఎలా చేస్తాడో రాయండి.

పెంచల్‌ది మోటార్ వైండింగ్ షాపు. నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే దారిలో, ఇందుకూరుపేటలో. చుట్టూ రొయ్యల గుంటలు. గుంటల్లో నీళ్లు చిలికే ఏరియేటర్ల త్రీఫేజ్ మోటార్లే అతని బతుకుతెరువు. కరెంటులో ఒక ఫేజు పోయినా మోటారు తిరగడానికి చూస్తుంది, మిగిలిన ఫేజుల మీద భారం పడి కాలిపోతుంది. అలా కాలితే కొన్ని కాయిల్సే నల్లబడతాయి. లోడు ఎక్కువై కాలితే అన్నీ ఒకే తీరుగా మాడతాయి. మూత విప్పి చూడగానే పెంచల్‌కి అది తెలిసిపోతుంది. పాత కాయిల్ తీసేటప్పుడు చుట్లు లెక్కపెట్టుకుంటాడు, తీగ గేజ్ కొలుస్తాడు, స్లాట్లలో కాగితం పెట్టి కొత్త కాయిల్ దించుతాడు, వార్నిష్ పట్టించి ఆరబెడతాడు. చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఎవరైనా పలకరిస్తే బదులివ్వడు. మళ్లీ పలకరిస్తే చేతిలో పని వదిలేసి ఒకటి నుంచి మొదలుపెడతాడు. పల్లెల్లో ఈ తీరుని పొగరంటారు. చదివేవాళ్లకి మాత్రం అది పొగరు కాదని మీరు విడిగా చెప్పక్కర్లేదు, ఎందుకంటే ఆ లెక్క ఎక్కడ తెగిందో వాళ్లకి తెలుసు.

హీరోకి మెదడులో కంప్యూటర్ పెట్టకండి. అందరూ నోరెళ్లబెట్టే ప్రతిభ ఆటిజం ఉన్నవాళ్లలో కొద్దిమందికే ఉంటుంది. పెంచల్ మంచి వైండర్. అతనికంటే చురుగ్గా కట్టేవాళ్లు నెల్లూరులో ఉన్నారు. అతను కట్టిన మోటారు తిరిగి రాదు, అందుకే రైతులు వస్తారు. ప్రతిభ ఉంటేనే ప్రేమకి తగినవాడు అన్నట్టు రాస్తే, ప్రతిభ లేనివాళ్ల సంగతేంటని మా ఇంట్లాంటి ఇళ్లల్లో అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు మన దగ్గర ఉండాలి.

డబ్బు కూడా రాయండి. ప్రేమ నవలల్లో హీరోకి నెల ఖర్చులు ఉండవు, అందుకే అతను మనవాడు అనిపించడు. గుంటలో రొయ్యలు పట్టి అమ్మాక ఇస్తామని రైతులు బాకీ పెడతారు. పెంచల్ ఒక్కసారి అడుగుతాడు. రెండోసారి ఏ మాటతో అడగాలో అతనికి తెలియదు. రాగి తీగ మాత్రం అప్పటికప్పుడు డబ్బు కట్టి కొనాలి. బాకీల నోటు పుస్తకం వాళ్లమ్మ రాస్తుంది, వసూలుకీ ఆవిడే వెళ్తుంది. ఆవిడ లేని రోజు ఈ షాపు ఎలా నడుస్తుందన్న భయం నవల పొడుగునా అడుగున పారుతూ ఉంటుంది. ఆటిజం గురించి ఒక్క మాట రాయకముందే ఇంత కథ ఉంది.

ఇక అతని పుట్టిన సంవత్సరం చూసుకోండి. పెంచల్‌కి 31 ఏళ్లు. వాడు బడికెళ్లే రోజుల్లో చుట్టుపక్కల ఎవరూ ఆటిజం అన్న పేరు విని ఉండరు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో వచ్చింది. 2016 చట్టం 21 రకాల వైకల్యాల్లో ఒకటిగా చేర్చింది. కాబట్టి పంతుళ్లు వాణ్ని మొండోడు అనే ఉంటారు, తోటి పిల్లలు తిక్కోడు అనే ఉంటారు. అసలు పేరు తెలిసేసరికి మనిషికి మీసాలొచ్చేసి ఉంటాయి. డాక్టర్ సీను రాస్తే ఆస్పర్జర్స్ అనే పాత పేరు చెప్పించకండి. 2013లో వచ్చిన డీఎస్ఎం-5, అంటే మానసిక వైద్యులు రోగ నిర్ధారణకి వాడే పుస్తకం, దాన్ని ఆటిజం స్పెక్ట్రమ్‌లో కలిపేసింది. టీకాలు వేయించడం వల్లే ఇలా అయిందని ఏ అత్తో అంటే, అదే పేజీలో ఎవరో ఒకరి చేత కాదనిపించండి. అలా చెప్పిన 1998 నాటి పరిశోధన వ్యాసాన్ని అచ్చేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. తల్లి పెంపకం వల్ల వస్తుందన్నదీ ఎప్పుడో కొట్టేసిన మాటే. అయినా వాళ్లమ్మ ముప్పై ఏళ్లుగా వింటూనే ఉంది. ఆవిడ ముఖంలో అది కనపడాలి.

అతని చెవులతో మీ ఊరు వినండి

ఇది ఇంట్లో కూర్చుని రాసేది కాదు. చిన్న నోటు పుస్తకం తీసుకుని బయటికెళ్లండి. నెల్లూరు ఆర్టీసీ బస్టాండులో, ట్రంకు రోడ్డులో, స్టోన్‌హౌస్‌పేట కొట్ల మధ్య, సాయంత్రం చేపల మార్కెట్లో కాసేపు నిలబడి, చెవిన పడిన ప్రతిదీ, ముక్కుకి తగిలిన ప్రతిదీ రాసుకోండి. మనం సగం చప్పుళ్లు వినకుండానే వదిలేస్తాం. మన మెదడు మనకి తెలియకుండా వాటిని వడకట్టేస్తుంది. ఆటిజం ఉన్న చాలామందికి ఆ వడపోత మనలా ఉండదు. కండక్టర్ కేకా, టైరు గాలి చప్పుడూ, పక్కనవాళ్ల ఫోన్ రింగూ, ట్యూబ్‌లైటు జుయ్ మనే మోతా అన్నీ ఒకే ఎత్తులో వచ్చి మీద పడతాయి. మీ పుస్తకంలో ఉన్నవన్నీ ఒకే పేరాలో, కామాలతో, ఊపిరి తీసుకునే చోటు లేకుండా రాసి చూడండి. రెండు మూడు వాక్యాలకే చదివేవాళ్లకి తల బరువెక్కుతుంది. ఆ పేరా చివర హీరో బస్సు ఎక్కకుండా నడిచి వెళ్లిపోతే ఎందుకని ఎవరూ అడగరు.

అందరికీ అన్నీ ఎక్కువగానే తగులుతాయని కూడా అనుకోవద్దు. కొందరికి కొన్ని తక్కువ తగులుతాయి. కాలిన గాయం సాయంత్రం దాకా తెలియనివాళ్లున్నారు. బిగ్గరగా మోగే పాట కావాలనే వాళ్లున్నారు. పెంచల్‌కి గ్రైండర్ మోత ఇబ్బంది లేదు. స్విచ్చు తన చేతిలో ఉంది, ఎప్పుడు మొదలవుతుందో ఎప్పుడు ఆగుతుందో తెలుసు. స్టీలు కంచానికి స్టీలు స్పూను తగిలే చప్పుడు మాత్రం పళ్లలోకి దిగుతుంది. నలుగురితో కూర్చుని తినడు. అందరూ తిన్నాక, పెరట్లో, అరిటాకులో, చేత్తో తింటాడు. పప్పు, నెయ్యి, అప్పడం. నెల్లూరులో పుట్టి చేపల పులుసు ముట్టడంటే చుట్టాలు దాన్ని పెద్ద వింతగా చెప్పుకుంటారు. పులుసులో ముల్లు ఎక్కడ తగులుతుందో ముందుగా తెలియదు, అతని కష్టం అక్కడుంది.

మీ హీరోకి ఇలాంటివి రెండు మూడు చాలు. ఏవి పడవో, ఏవి హాయిగా ఉంటాయో రెండూ ఎంచుకోండి. హాయినిచ్చేవి మర్చిపోతారు చాలామంది. వార్నిష్ ఆరుతున్న వాసన పెంచల్‌కి ఇష్టం. రాగి తీగ వేలి చుట్టూ తిప్పుకుంటూ ఉంటే అతనికి మాట తేలిగ్గా వస్తుంది. ఆ తిప్పడాన్ని మానిపించాల్సిన అలవాటుగా రాయకండి. నవల నడిచేకొద్దీ కామాక్షికి ఆ తీగ కదలికల్ని బట్టే అతను తేలిగ్గా ఉన్నాడో, లోపల కంగారుగా ఉన్నాడో తెలుస్తుంది. ప్రేమలో ఉన్నవాళ్లు ఒకరినొకరు గమనించుకోవడం అంటే ఇదే కదా.

ఇందులోంచే మీకు ప్రేమ సీన్లు దొరుకుతాయి. కామాక్షిది ఉదయగిరి వైపు పల్లె. ఉదయగిరిలో చెక్కతో స్పూన్లు, గరిటెలు చేస్తారు, ఆ ఊరు వాటికి పేరుపడింది. సంక్రాంతికి ఇంటికెళ్లి వస్తూ ఒక కట్ట చెక్క స్పూన్లు తెచ్చి పెంచల్ వాళ్లమ్మ చేతికిస్తుంది. ఆ పూట పెంచల్ కంచం తెచ్చుకుని అందరితో కూర్చుంటాడు. ఎవరూ ఏమీ అనరు. వాళ్లమ్మ ఇంకో అప్పడం వేస్తుంది. గులాబీలు, ఉంగరాలు పెట్టి రాసే పది పేజీల కంటే నాకు ఈ సీను ఇష్టం.

ఒకే సీను, రెండు తలల్లోంచి

ఒక అధ్యాయం అతని వైపు నుంచి, ఒకటి ఆమె వైపు నుంచి రాయమని నా గట్టి సలహా. ఆమె వైపు నుంచే రాస్తే అతను పొడుపు కథ అయిపోతాడు. అతని వైపు రాసేటప్పుడు వాక్యం అతని చూపు వెళ్లిన వరసలోనే వెళ్లాలి. ఇలా:

"స్కూటీ ఆగింది. సైలెన్సర్‌లో పగులు పోయినసారి కంటే పెరిగింది. ఆకుపచ్చ చున్నీ. అంచు వెనక చక్రానికి దగ్గరగా వేలాడుతోంది. ఆవిడ ఏదో అంటోంది. గ్రైండర్ ఆగాక ఆ మాట మళ్లీ అడగాలి. ముందు చున్నీ సంగతి చెప్పాలి."

అదే ఆమె వైపు నుంచి:

"నవ్వుతూ పలకరించింది. అతను తలెత్తనైనా లేదు. 'చున్నీ చక్రంలో పడుద్ది' అన్నాడు. మనిషికి మర్యాద తెలీదనుకుంది. సాయంత్రం బండి తీస్తూ చున్నీ నడుముకి ముడేసుకుంటుంటే గుర్తొచ్చింది. పొద్దుట్నుంచీ గ్రామ సచివాలయంలో ఎంతమంది చూశారు! ఒక్కరూ చెప్పలేదు."

ప్రేమ ఈ రెండు పేరాల మధ్య పుడుతుంది. అతను తన గురించి పట్టించుకున్నాడని ఆమెకి తెలియడానికి సాయంత్రం దాకా పట్టింది. చదివేవాళ్లకి మాత్రం పొద్దున్నే తెలుసు. నవల ముందుకు సాగేకొద్దీ ఈ ఆలస్యం తగ్గుతూ రావాలి.

కామాక్షిని దేవతని చేయకండి

ఓపిక, దయ, త్యాగం ఈ మూడూ కలిపి హీరోయిన్‌ని చేస్తే ఆమె నర్సు అవుతుంది, ప్రియురాలు కాదు. కామాక్షి ముత్తుకూరు ఫిషరీ కాలేజీలో చదువుకుంది. ఇప్పుడు సచివాలయంలో ఫిషరీస్ అసిస్టెంట్. గుంటల వివరాలు రాసుకోవడానికి, రైతుల అర్జీలు ఎక్కించడానికి ఎండలో స్కూటీ మీద తిరుగుతుంది. 29 ఏళ్లు. నిశ్చితార్థం అయ్యాక కట్నం దగ్గర ఒక సంబంధం తప్పిపోయింది. ఆ తర్వాత ఊళ్లో ఎవరు పలకరించినా అందులో జాలి ఉందేమో అని వెతుక్కుంటుంది. జీతంలో సగం తమ్ముడి చదువు అప్పుకి పోతుంది. గట్టిగా మాట్లాడుతుంది, మాట మధ్యలో ఇంకో మాటలోకి దూకుతుంది, కోపం వస్తే మూడు రోజులు ఫోన్ ఎత్తదు. మనం రోజూ చూసే అమ్మాయి.

ఆమెకి పెంచల్ ఎందుకు నచ్చాలి? ఈ ప్రశ్నకి ఆమె స్వార్థంలోంచి జవాబు రావాలి. ఎవరేమంటున్నారో, ఆ మాట వెనక ఏమనుకుంటున్నారో అని ఊహించుకుంటూ అలసిపోయిన మనిషికి, అన్న మాటకి ఒకే అర్థం ఉండే మనిషి దొరికాడు. అతని దగ్గర ఆమెకి విశ్రాంతి. జాలి పడి ప్రేమించే హీరోయిన్‌ని మాత్రం ఏ కారణంతోనూ రాయొద్దు.

మాటలు

హీరో మాటల్ని ఉన్నదున్నట్టు అర్థం చేసుకుంటాడని రాసి, దాంతో నవ్వించాలని చూడటం చాలా నవలల్లో ఉంది. ఎదుటివాళ్లు నవ్వుతుంటే ఎందుకో తెలియక నిలబడిన మనిషి పక్కన నేను చిన్నప్పట్నుంచీ నిలబడ్డాను. అందుకని గట్టిగా చెప్తున్నాను, ఆ నవ్వు వద్దు. అదే గుణంతో ఎంత లోతైన సంభాషణ వస్తుందో చూడండి.

"మీకు నేనంటే ఇష్టమేనా?"

"ఇష్టమే."

"ఎంత?"

పెంచల్ తీగ తిప్పడం ఆపాడు. "మీరొచ్చే రోజు షాపులో రేడియో పెట్టను. మీ బండి చప్పుడు పోలేరమ్మ గుడి మలుపు దగ్గర్నుంచే తెలుస్తుంది. రేడియో ఉంటే తెలీదు."

ఎంత అని అడిగితే కొలత చెప్పాడు. ఇంతకంటే నిజమైన జవాబు ఏ కవి ఇస్తాడు?

మన భాషలో ప్రేమ నవలకి ఇంకో మంచి మలుపు దొరుకుతుంది, మీరు నుంచి నువ్వులోకి రావడం. మామూలు హీరో ఏదో ఒక తీపి క్షణంలో జారిపోతాడు. పెంచల్ అడుగుతాడు: "నువ్వు అని ఎప్పట్నుంచి అనాలి?" కామాక్షి తడబడుతుంది. దానికంటూ ఒక రోజు ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. కాసేపాగి, "రేపట్నుంచి" అంటుంది. మర్నాడు పొద్దున ఆరింటికి వాట్సాప్‌లో "నువ్వు లేచావా?" అని వస్తుంది. ముందు అడగడం వల్ల ఆ మాట విలువ తగ్గలేదు, ఆమె రాత్రంతా దాని కోసం ఎదురుచూసింది. నోటితో రాని మాటలు రాతలో వచ్చే మనుషులుంటారు కాబట్టి మెసేజ్‌లని బాగా వాడుకోండి. కొందరికి అసలు మాట్లాడటమే రాకపోవచ్చు, బొమ్మల కార్డులతోనో ఫోన్లో టైప్ చేసో చెప్తారు. అలాంటి హీరోతో కూడా ప్రేమ నవల రాయొచ్చు. రాసేవాళ్లు తక్కువగా ఉన్నారు, మీరు రాయండి.

మాండలికం గురించి ఒక మాట. వాళ్లమ్మ "ఏందబ్బయా, అన్నం తినకుండా ఆడనే కూర్చోనుండావు?" అంటుంది, పెంచల్ మాత్రం పుస్తకంలోలా మాట్లాడతాడు అని రాయొచ్చు. ఆటిజం ఉన్న కొందరి మాట నిజంగానే చుట్టూ ఉన్నవాళ్ల యాసకి దూరంగా, పాఠంలా ఉంటుంది. కానీ అందరికీ అలా ఉండదు. పెంచల్‌కి కోపం వచ్చినప్పుడు వాళ్లమ్మ యాసే వస్తుందని నేను పెట్టుకున్నాను.

గొడవలో తప్పు ఇద్దరిదీ

నవలకి గుండెకాయ ఇదే, కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

కామాక్షి వాళ్ల నాన్న ఉదయగిరి నుంచి వచ్చాడు. నెల్లూరులో పిన్ని ఇంట్లో ఉన్నాడు, ఆదివారం పొద్దున కలవొచ్చు. కామాక్షి పెంచల్‌తో అంది: "రావాలనిపిస్తే రండి." ఆమె మనసులో దానర్థం, మీరు రాకపోతే నా పరువు పోతుంది. పెంచల్ విన్నది, రావడం రాకపోవడం తన ఇష్టం. శనివారం అర్ధరాత్రి కరెంటులో ఒక ఫేజు పోయి ఒక రైతు గుంటలో మోటార్లు కాలాయి. గుంట నీళ్లలో ప్రాణవాయువు తెల్లారుజామున అన్నిటికంటే తక్కువకి పడిపోతుంది. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదీ తీసుకుంటుంది. ఆ గంటల్లో ఏరియేటర్లు తిరక్కపోతే రొయ్యలు పైకి తేలతాయి. పెంచల్ షాపులో ఉన్న మోటార్లు తీసుకెళ్లి తెల్లవార్లూ బిగిస్తూనే ఉన్నాడు. పొద్దునయ్యేసరికి ఒంట్లో శక్తి లేదు. ఇష్టమైతేనే రమ్మంది కదా అని పడుకున్నాడు. ఫోన్ కూడా చేయలేదు.

ఇక్కడ చాలామంది రచయితలు హీరో చేత క్షమాపణ చెప్పించి, 'ఇకనుంచి మనుషుల్ని అర్థం చేసుకుంటాను' అనిపిస్తారు. ఆటిజం ఉన్న బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో ఒక మాట చెప్పారు. ఆటిజం ఉన్నవాళ్లకి మిగతావాళ్లు అర్థం కానట్టే, మిగతావాళ్లకి ఆటిజం ఉన్నవాళ్లూ అర్థం కారు, లోటు రెండు వైపులా ఉంది అని. నాకు ఈ మాట తెలిశాక మా ఇల్లే కొత్తగా కనపడింది. మీ గొడవ సీను ఈ మాట మీద నిలబడాలి. కామాక్షి అనాల్సింది "మీరు రావాలి, నాకు అవసరం" అని. ఆమె అనలేదు, ఎందుకంటే ఒకసారి సంబంధం తప్పిన ఆడపిల్లకి అవసరం అని బయటికి చెప్పడం కష్టం. పెంచల్ చేయాల్సింది ఒక్క ఫోన్. అతను చేయలేదు, ఎందుకంటే ఒక పనిలో మునిగినప్పుడు ఇంకో పనిలోకి రావడం అతనికి కష్టం. ఇద్దరి కష్టాల బరువూ సమానంగా రాయండి. రాజీ కూడా ఇద్దరి వైపు నుంచీ రావాలి. ఇకమీదట తప్పకుండా కావాల్సినవాటికి ఆమె "రావాలి" అంటుంది. అర్ధరాత్రి పనికి వెళ్లేటప్పుడు అతను ఒక చుక్క మెసేజ్ పెడతాడు. ఒట్టి ఫుల్‌స్టాప్. పనిలో ఉన్నాను, అయ్యాక మాట్లాడతాను అని దానర్థం.

ఇంకో సంగతి. తట్టుకోలేని స్థితిని రెండు రకాలుగా రాయొచ్చు. కొందరు అరుస్తారు, ఏడుస్తారు, చెవులు మూసుకుంటారు. కొందరు ఉన్నచోటే మూసుకుపోతారు, మాట పడిపోతుంది. రెండూ మొండితనం కాదు, కావాలని చేసేవి కాదు. ఆ సమయంలో హీరోయిన్ హత్తుకుని పాట పాడితే తగ్గిపోయిందని రాయకండి. వెలుతురు తగ్గించడం, జనాన్ని పంపేయడం, ప్రశ్నలు వేయకుండా కాస్త దూరంలో కూర్చోవడం, ఇవి పనికొస్తాయి. తర్వాత చాలాసేపు నీరసం ఉంటుంది, అది కూడా రాయండి. మర్నాడు షాపు తీయకపోవచ్చు.

ముట్టుకోవడం

ప్రేమ నవలంటే స్పర్శ ఉండాలి, దాన్ని దాటేయకండి. ఆటిజం ఉన్నవాడికి శరీరం లేదన్నట్టు రాయడం కూడా అవమానమే. మెత్తగా తాకితే ఒళ్లు జలదరించి, గట్టిగా పట్టుకుంటే హాయిగా ఉండేవాళ్లు చాలామంది ఉన్నారు. మీ హీరో ఎలాంటివాడో ముందే తేల్చుకోండి. కొలతలు తీసుకోకుండా జాకెట్టు కుట్టినట్టు రాస్తే ఎక్కడో ఒకచోట పట్టేస్తుంది. కామాక్షి వేళ్లు మొదటిసారి పెంచల్ ముంజేతికి అలా తగిలితే చెయ్యి లాగేసుకుంటాడు. ఆమె ముఖం చిన్నబోతుంది. అతను అది చూసి, తన చెయ్యి తానే ముందుకి చాచి, "గట్టిగా పట్టుకోండి" అంటాడు. అడగడం, చెప్పడం, ఆగడం, మళ్లీ అడగడం. ఇది అడ్డంకి అనుకోకండి. సరిగ్గా రాస్తే పేజీ వేడెక్కుతుంది.

అమ్మ, చట్టం, రొట్టె

కాగితాల సంగతి క్లుప్తంగా. సదరం క్యాంపుకి వెళ్లి వైకల్య సర్టిఫికెట్ తెచ్చుకోవాలా వద్దా అని ఇంట్లో ఒక చర్చ పెట్టండి. పెన్షన్ కంటే ముందు 'ముద్ర పడుతుంది' అన్న భయం మాట్లాడుతుంది. పెళ్లి చెల్లదని ఎవరైనా బెదిరిస్తే, 1955 హిందూ వివాహ చట్టంలోని ఐదో సెక్షన్‌లో ఆటిజం అన్న పేరు లేదని చెప్పించండి. తెలిసి సమ్మతి ఇవ్వగలగడం అందులో ముఖ్యం. పెంచల్ ఇవ్వగలడు. అలాగే ఆమె సమ్మతి కూడా అన్నీ తెలిసి ఇచ్చినదే అయ్యుండాలి, కాబట్టి ఆటిజం సంగతి కామాక్షికి పెంచలే స్వయంగా, నవల సగానికి ముందే చెప్పాలి.

వాళ్లమ్మ మీద మాత్రం ఎంత సమయం పెట్టినా తక్కువే. మన జిల్లాలో రాస్తూ రొట్టెల పండుగ వాడుకోకపోతే ఎలా? మొహర్రం రోజుల్లో నెల్లూరు బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. ఆరోగ్య రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె. కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. కోరిక తీరినవాళ్లు మళ్లీ ఏడాది వచ్చి అదే రకం రొట్టె ఇంకొకరికి ఇస్తారు. హిందువులు, ముస్లింలు అందరూ వస్తారు. పెంచల్ వాళ్లమ్మ కొడుకు చిన్నప్పట్నుంచీ ప్రతి ఏడూ ఆరోగ్య రొట్టె తీసుకుంటోంది. ఇచ్చే వంతు ఆవిడకి ఎప్పుడూ రాలేదు. ఈ ఒక్క వాక్యంలో ఆవిడ జీవితమంతా ఉంది.

నవలలో ఈ పండుగ రెండుసార్లు వస్తుంది. మొదటిసారి ఆవిడ పెంచల్‌ని బతిమాలి నీళ్లలోకి తీసుకెళ్తుంది. జనం, తడిబట్టలు, మైకు, ఎవరెవరి మోచేతులో. పెంచల్‌కి మాట పడిపోతుంది, ఒడ్డుకి చేరాక రెండు రోజులు నోరు తెరవడు. తన కోరికే కొడుకుని ముంచిందని ఆవిడకి అప్పుడు తెలుస్తుంది. మరుసటి ఏడు పెంచల్‌ని ఇంట్లోనే ఉండమంటుంది. కామాక్షి ఒడ్డున బండి దగ్గర నిలబడితే, ఆవిడ ఒక్కతే నీళ్లలోకి దిగుతుంది. ఆరోగ్య రొట్టె ఇస్తామన్నవాళ్లని దాటుకుని వెళ్లి పెళ్లి రొట్టె అడుగుతుంది. ఈ సీనులో ఆవిడ చేత ఏ ఉపన్యాసమూ ఇప్పించకండి.

చదివించడం

రాసింది ఆటిజం ఉన్న పెద్దవాళ్ల చేత చదివించండి. వాళ్ల అమ్మానాన్నల అభిప్రాయం వేరు, వాళ్ల అభిప్రాయం వేరు. ఇద్దరినీ అడగండి, తేడా వస్తే ఆటిజం ఉన్న మనిషి మాటకే విలువివ్వండి. ఊరికే చదవమనకండి, వాళ్ల సమయానికి డబ్బివ్వండి. తెలిసిన మనిషి అలవాటు ఏదైనా కథలోకి తీసుకోవాలంటే ముందు అడగండి. మా తమ్ముడి దగ్గర నేను ఒకటే తీసుకున్నాను, ఆ ఫుల్‌స్టాప్ మెసేజ్. వాడు "సరే, కానీ పేరు వద్దు" అని రాశాడు.

ప్రతి ఒక్కరికీ కథంతా పంపక్కర్లేదు. అతని వైపు నుంచి రాసిన అధ్యాయాలు, గొడవ, స్పర్శ ఉన్న పేజీలు ముందుగా పంపండి. బాగుందా అని అడిగితే బాగుంది అంటారు. ఎక్కడ చదవడం ఆపాలనిపించింది, ఎక్కడ పెంచల్ మీద జాలి పడమని నేను చెప్పినట్టు అనిపించింది, ఇతనితో మీరు ఒక పూట షాపులో కూర్చోగలరా, ఇలా అడగండి.

పంపే ముందు ఇంకో పని. ఎర్ర పెన్ను తీసుకుని నవలలో ప్రతి 'సారీ' కింద గీత గీయండి. పక్కన ఎవరు చెప్పారో మొదటి అక్షరం వేయండి. కామాక్షి, వాళ్ల నాన్న, బాకీ పెట్టిన రైతు, బడిలో వెక్కిరించిన స్నేహితుడు, అందరూ లెక్కలోకి వస్తారు. పేజీలన్నీ తిరగేశాక గీతల పక్కన పెంచల్ 'పె' ఒక్కటే కనపడుతుంటే, గొడవ అధ్యాయం దగ్గర్నుంచి మళ్లీ రాయాలి.